గొంతు ఒకరిది, ముఖం మరొకరిది

క్లబ్బు డాన్సు పాటల గొడవ మనకెందుకని ఓ మిత్రురాలు అడిగింది. అందులో స్త్రీల శ్రమ ఉంది కనక అన్నాను.

1980లో షికాగో నల్లజాతి గాయని లొలీటా హాలోవే 'లవ్ సెన్సేషన్' పాడింది. 1989లో బ్లాక్ బాక్స్ అనే ఇటలీ బృందం ఆ రికార్డులోంచి ఆమె గొంతు ముక్కలు కత్తిరించి 'రైడ్ ఆన్ టైమ్' తయారుచేసింది. ఆ ఏడు బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన సింగిల్ అదే. తెరమీద పెదవులు కదిపింది కాత్రిన్ కినోల్ అనే సన్నటి మోడల్. హాలోవే లాయర్లు కదిలాకే ఆమెకు పరిహారం దక్కింది.

1990లో మార్తా వాష్ వంతు. 'గొనా మేక్ యూ స్వెట్'లో గొంతు ఆమెది, వీడియోలో ముఖం జెల్మా డేవిస్‌ది. వాష్ లావుపాటి మనిషి. అంతకుముందు ఆ లావునే వేళాకోళంగా అమ్మారు: ఆమె జంట పేరు 'టూ టన్స్ ఓ ఫన్', అంటే రెండు టన్నుల సరదా!

మన సినిమాల్లో ప్లేబాక్ లేదా అంటారు. ఉంది. కానీ పాడింది సుశీల అని అందరికీ తెలుసు. అక్కడ పేరునే మింగేశారు. పెదవులు కదిపిన ఇద్దరూ నల్లజాతి స్త్రీలే, వాళ్లని నిందించను. నిర్ణయాలు నిర్మాతలవి, వాళ్లంతా మగవాళ్లు. ఇంత జరిగినా ఈ సంగీత చరిత్ర రాసేవాళ్లు నిర్మాతల్నీ, డీజేల్నీ 'సృష్టికర్తలు' అంటారు, పాడినామెని 'గొంతు' అని సరిపెడతారు. గొంతు సృష్టి కాదా?

వాష్ కోర్టుకెక్కింది. ఆర్‌సిఎ కంపెనీ రాజీకొచ్చి ఆమెతో రికార్డింగు ఒప్పందం చేసుకుంది. 1993లో వచ్చిన ఆ ఆల్బమ్ పేరు 'మార్తా వాష్'.