జాయింట్ టాక్టికల్ రేడియో సిస్టమ్: నిర్వహణ, నియంత్రణలు

జాయింట్ టాక్టికల్ రేడియో సిస్టమ్ (జె.టి.ఆర్.ఎస్.) అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాల రక్షణ శాఖ 1997లో తలపెట్టిన సైనిక సమాచార పథకం. ఆర్మీ, నౌకాదళం, వైమానిక దళం, మెరైన్ దళం వాడుతున్న వేర్వేరు రకాల రేడియోల స్థానంలో, పరస్పరం సంభాషించగల రేడియోలను ప్రవేశపెట్టడం దీని ఉద్దేశం. పెద్ద రక్షణ పథకాలలో అధికారం, నిధులు, బాధ్యత ఒకచోట లేకపోతే కలిగే ఫలితాలకు ఇది ముఖ్యమైన ఉదాహరణ.

నేపథ్యం

పాత రేడియోలలో ప్రతి రకమూ ఒక నిర్ణీత పనికి తయారైనది. అందువల్ల ఒకే యుద్ధరంగంలో ఉన్న రెండు దళాలు నేరుగా మాట్లాడుకోలేని పరిస్థితి ఏర్పడేది. కొత్త రేడియోలో పనితీరును యంత్రభాగాలకంటే ఎక్కువగా సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. వేవ్‌ఫారం అనే సాఫ్ట్‌వేర్‌ను మార్చి ఒకే పరికరాన్ని పలు రకాల రేడియోలుగా వాడవచ్చు. 2 మెగాహెర్ట్జ్ నుండి 2 గిగాహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలలో ఇవి పనిచేయాలని నిర్దేశించారు.

తొలి దశలోని లోపాలు

పథకాన్ని క్లస్టర్లుగా విభజించి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క దళానికి అప్పగించారు. పేరుకు ఉమ్మడి పథకమే అయినా, నిధులు ఆయా దళాల చేతిలోనే ఉండేవి. దళాల మధ్య భేదాభిప్రాయం వస్తే తీర్పు చెప్పి అమలు చేయించగల అధికారి లేడు.

వాహనాలు, హెలికాప్టర్ల కొరకు ఉద్దేశించిన క్లస్టర్ 1 కాంట్రాక్టు 2002లో బోయింగ్ సంస్థకు దక్కింది. సాంకేతికత పరిపక్వం కాకమునుపే గడువులు నిర్ణయించారు. అవసరాల జాబితా మారుతూ వచ్చింది. పరికరం బరువు, పరిమాణం, విద్యుత్ వినియోగం అనుకున్న హద్దులు దాటాయి. రహస్య సమాచార భద్రత నిబంధనలూ కష్టతరమయ్యాయి. 2005లో ఆర్మీ ఆ సంస్థకు సంజాయిషీ నోటీసు జారీచేసింది. ఈలోగా ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలలో ఉన్న సైనికులకు రేడియోలు వెంటనే కావలసివచ్చి, పాత తరహావాటినే పెద్ద సంఖ్యలో కొన్నారు. ఆ కొనుగోళ్లు పెరిగినకొద్దీ కొత్త రేడియోల అవసరమే తగ్గసాగింది.

సంస్కరణలు

ఉమ్మడి నిర్వహణను బలపరచాలని అమెరికా కాంగ్రెస్ ఆదేశించింది. దరిమిలా 2005లో శాన్‌డియాగో కేంద్రంగా ఉమ్మడి కార్యనిర్వాహక కార్యాలయం ఏర్పడింది. ఖర్చు, గడువు, పనితీరు మూడింటిపై అధికారాన్ని ఈ కార్యాలయానికి ఇచ్చారు. 2006లో పథకాన్ని పునర్వ్యవస్థీకరించి, అన్నీ ఒకేసారి కాక అంచెలంచెలుగా సాధించాలని నిర్ణయించారు. వేవ్‌ఫారాల సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వ భాండాగారంలో ఉంచి, ఇతర తయారీదారులూ పోటీపడేందుకు వీలు కల్పించారు. ఈ మార్పులు నష్టభయాన్ని తగ్గించాయని, అయినా పెద్ద సవాళ్లు మిగిలే ఉన్నాయని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం (జి.ఏ.ఓ.) 2006లో పేర్కొన్నది.

పరిణామాలు

క్లస్టర్ 1 నుండి రూపొందిన వాహన రేడియో (జి.ఎం.ఆర్.) విషయంలో కష్టాలు తీరలేదు. ఆర్మీ తనకు కావలసిన సంఖ్యను 86 వేలకు పైబడిన స్థాయి నుండి సుమారు 10 వేలకు తగ్గించుకున్నది. అభివృద్ధికైన వ్యయమంతా కొద్ది పరికరాలపైనే పడటంతో ఒక్కొక్కదాని ఖరీదు బాగా పెరిగింది. నన్-మెక్‌కర్డీ చట్టం ప్రకారం, యూనిట్ ఖర్చు ఆమోదిత అంచనాను 25 శాతం మించితే, పథకం తప్పనిసరి అని రక్షణ శాఖ ధ్రువీకరించాలి. లేనిచో దానిని రద్దుచేయాలి. ఆ సమీక్ష అనంతరం 2011 అక్టోబరులో జి.ఎం.ఆర్. రద్దయింది. చేతిలో పట్టుకునే, వీపున మోసే చిన్న రేడియోలు మాత్రం కొనసాగాయి. 2012లో ఉమ్మడి కార్యాలయాన్ని మూసివేసి, రేడియోల బాధ్యతను తిరిగి దళాలకు అప్పగించారు. వేవ్‌ఫారాల పరిరక్షణకు జాయింట్ టాక్టికల్ నెట్‌వర్కింగ్ సెంటర్ ఏర్పడింది.

విశ్లేషణ

2005 నాటి సంస్కరణలు సరియైనవే, కాని ఆలస్యంగా వచ్చాయి. ప్రధాన కాంట్రాక్టులు కుదిరిన తరువాత వచ్చిన అధికారి అప్పటికే జరిగిన నిర్ణయాల భారాన్ని మోయవలసివచ్చింది. ఖర్చు పరిమితి దాటిన పిమ్మట మేల్కొలిపే చట్టం నష్టాన్ని ఆపగలదు గాని, జరిగిన ఖర్చును తిరిగి తేలేదు. మరొకవైపు, ప్రమాణాలు, సాఫ్ట్‌వేర్ ప్రభుత్వం అధీనంలో ఉండటం వలన ఒక పరికరం విఫలమైనా దానికొరకు చేసిన శ్రమ అంతా వ్యర్థం కాలేదు. అవసరాలను నిర్ణయించేవారు, నిధులు ఇచ్చేవారు, జవాబు చెప్పేవారు ఎవరన్నది తొలి ఒప్పందానికి ముందే తేల్చుకోవాలన్నది ఈ పథకం నుండి గ్రహించదగిన విషయం.