ఎమర్జెన్సీ ఎవరి మీద పడుతోంది?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

గంజాయి మాటెత్తితే మన గ్రూపులో చాలామంది మౌనంగా ఉండిపోతారు. మాట్లాడితే ఏజెన్సీకే చెడ్డపేరని భయం. కానీ మనం నోరు విప్పకపోతే మన గురించి బయటివాళ్లే మాట్లాడతారు. వాళ్లు మాట్లాడేది ఒకటే: "మామూలు చట్టాలు చాలవు, ప్రభుత్వానికి ప్రత్యేక అధికారాలు కావాలి, యుద్ధంలా చెయ్యాలి." సరే, అలా యుద్ధం ప్రకటించిన దేశం ఒకటుంది. అక్కడేం జరిగిందో ముందు చూద్దాం.

ఈక్వెడార్ దక్షిణ అమెరికాలో చిన్న దేశం. అరటిపళ్ల ఎగుమతిలో ప్రపంచంలోనే మొదటిది. ఒకపక్క కొలంబియా, ఇంకోపక్క పెరూ. కొకైన్ ఎక్కువగా తయారయ్యేది ఆ రెండు చోట్లే. అది గ్వయాకిల్ ఓడరేవుకు చేరి, అరటి కంటైనర్లలో దాక్కుని యూరప్‌కి, అమెరికాకి పోతుంది. 2024 జనవరిలో ఫీటో అనే పెద్ద ముఠా నాయకుడు జైల్లోంచి మాయమయ్యాడు. అధ్యక్షుడు డేనియల్ నొబోవా జనవరి 8న 60 రోజుల అత్యవసర పరిస్థితి పెట్టాడు. మర్నాడే ముసుగులేసుకున్న మనుషులు తుపాకులతో టీవీ స్టూడియోలోకి దూరారు, అదంతా లైవ్‌లో వచ్చింది. అదేరోజు నొబోవా దేశంలో "అంతర్గత సాయుధ సంఘర్షణ" నడుస్తోందని ప్రకటించి, 22 ముఠాలకు ఉగ్రవాదులని పేరు పెట్టాడు. సైన్యం వీధుల్లోకి, జైళ్లలోకి వచ్చేసింది.

జనం కూడా ఒప్పుకున్నారు. ఏప్రిల్‌లో పెట్టిన రెఫరెండంలో పోలీసులకు తోడుగా సైన్యం ఉండాలని ఓటేశారు. వాళ్లను నేను తప్పు పట్టను. రోజూ తుపాకీ మోతలు వినేవాడికి ఎవరో ఒకరు వచ్చి ఆపితే చాలనిపిస్తుంది. 2024లో హత్యలు కొంత తగ్గాయి కూడా. కానీ 2025లో మళ్లీ పెరిగాయి. తొలి ఆరు నెలల్లోనే 4,600 పైగా హత్యలు. 60 రోజులకని వచ్చిన అత్యవసర పరిస్థితి మాత్రం మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి. 2024 డిసెంబరు 8న గ్వయాకిల్‌లో నలుగురు పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకోడానికి వెళ్లారు. వాళ్ల వయసు 11 నుంచి 15 ఏళ్లు. లాస్ మాల్వినాస్ అనే పేదల పేట, నల్లజాతి కుటుంబాల పిల్లలు. సైనికులు పట్టుకెళ్లారు. తర్వాత తౌరా వైమానిక స్థావరం దగ్గర కాలిపోయిన వాళ్ల శరీరాలు దొరికాయి. యుద్ధం ముఠాల మీద అన్నారు, చేతికి దొరికింది ఆ పిల్లలు.

ఎక్కడో దేశం, మనకేంటి అనుకోవద్దు. మన గంజాయి చట్టానికి కూడా మూలం అంతర్జాతీయ ఒప్పందమే. 1961లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందంలో మన దేశమూ ఉంది. ఆ బాటలోనే 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. 1988లో దానికి తోడు పిట్ ఎన్‌డీపీఎస్ వచ్చింది. ఈ రెండో దాని కింద విచారణ లేకుండానే మనిషిని ఏడాది వరకు, కొన్ని సందర్భాల్లో రెండేళ్ల వరకు లోపల పెట్టొచ్చు. అంటే దేశంలో ఎమర్జెన్సీ ప్రకటించక్కర్లేదు. ఆ అధికారం మామూలు రోజుల్లోనే ఉంది.

ఎన్‌డీపీఎస్ కూడా తక్కువేం కాదు. గంజాయి 20 కిలోలు దాటితే "వాణిజ్య పరిమాణం". శిక్ష కనీసం పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా పడొచ్చు. ఆ కేసులో బెయిలు రావాలంటే నిందితుడు నేరం చెయ్యలేదని నమ్మడానికి కారణాలు ఉన్నాయని జడ్జికే అనిపించాలి. మామూలు కేసుల్లో 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వెయ్యాలి, ఇక్కడ 180 రోజులు గడువు. ఒక్కసారి ఆలోచించండి, 20 కిలోలంటే ఎంత? మనవాళ్లు సంతకు నెత్తిన మోసుకెళ్లే మూట. ఆ మూట ఎవరిది, డబ్బు ఎవరు పెట్టారు అన్న దాన్నిబట్టి ఆ పదేళ్లు తగ్గవు. కొండ దిగేటప్పుడు ఎవరి నెత్తిన ఉందో వాడే ముద్దాయి. రోజు కూలికి మోసినవాడికీ, లారీలు కొని నడిపించినవాడికీ కనీస శిక్ష ఒకటే. తేడా ఏంటంటే మొదటివాడు దొరుకుతాడు, రెండోవాడు దొరకడు.

"అయితే వదిలెయ్యమంటావా తమ్ముడూ?" అని అన్నలు అడుగుతారు. వద్దు. గంజాయి మన ఊళ్లకు మేలు చెయ్యలేదు. అడ్వాన్సు ఇచ్చి సాగు చేయించేవాడు పైనుంచి వస్తాడు, కేసు మనకి మిగుల్తుంది, చదువుకునే పిల్లోడు మధ్యలో ఆగిపోతాడు. ప్రభుత్వానికి గట్టి అధికారం ఉండాలి. నా అభ్యంతరం ఒకటే: ఆ అధికారం కింది నుంచి మొదలై కిందే ఆగిపోతోంది. డబ్బు పెట్టినవాళ్ల ఆస్తులు స్తంభింపజేసి, జప్తు చేసే అధ్యాయం ఎన్‌డీపీఎస్‌లో 1989 నుంచీ ఉంది. ఏ ఆపరేషన్ గురించైనా ఎన్ని ఎకరాలు నరికారు, ఎన్ని కిలోలు తగలబెట్టారు అని గొప్పగా చెప్తారు. ఎంతమంది పెట్టుబడిదారుల ఆస్తులు జప్తు చేశారో కూడా అంతే గొప్పగా చెప్పాలి. కొత్త అధికారం అడిగే ముందు ఈ లెక్క ఇవ్వాలి.

రెండోది, ఊరు మొత్తాన్ని అనుమానించడం ఆపాలి. బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల, సుగాలి కుటుంబాలు పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టారు. 1952 దాకా ఆ ముద్ర పోలేదు. ఇప్పుడు ఏజెన్సీ నంబరు బండి కనిపిస్తే చాలు ఆపి, పేరు అడక్కముందే బ్యాగు విప్పమంటే, అదే ముద్ర కొత్త పేరుతో వచ్చినట్టే.

మూడోది, నరికిన చేనులో ఏం వెయ్యాలో చెప్పాలి. కాఫీ మొక్క నాటితే కాపుకి మూడు నాలుగేళ్లు పడుతుంది. మిరియాలు కూడా వెంటనే చేతికి రావు. ఆ మధ్య సంవత్సరాల్లో ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలో చెప్పకుండా "మారండి" అంటే, అడ్వాన్సు ఇచ్చేవాడి మాటే చెవికెక్కుతుంది.

మనం చెయ్యగలిగింది కూడా ఉంది. సెలవులకు ఊరెళ్లినప్పుడు తమ్ముళ్లకు ఈ 20 కిలోల లెక్క చెప్పండి. ఒక్క ట్రిప్పే కదా అన్నవాడికి పదేళ్లంటే ఏంటో చెప్పండి. ఎవరైనా అరెస్టయితే, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరు ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12లో ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి, లేదంటే 15100కి ఫోన్ చెయ్యాలి. ఒంటి మీద సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేట్ ముందు గానీ చెయ్యమని అడిగే హక్కు సెక్షన్ 50 ఇచ్చింది. పిట్ ఎన్‌డీపీఎస్ కింద పెడితే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, మనం అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఇవి తెలిసినవాడు ప్రతి ఊళ్లో ఒక్కడున్నా చాలు.

అధికారం ఎంత పెద్దదన్నది కాదు, ఎంత పైకి వెళ్తుందన్నదే నా ప్రశ్న. మూట మోసేవాడి దగ్గర ఆగిపోయే యుద్ధం పదేళ్లు నడిచినా మోసేవాళ్లే మారతారు. మీ ఊళ్లో పరిస్థితి ఎలా ఉందో రాయండి, పేర్లు మాత్రం రాయొద్దు.

జై ఆదివాసీ.