సింగరేణి గనులలో త్రైపాక్షిక రక్షణ విధానం

సింగరేణి గనులలో త్రైపాక్షిక రక్షణ విధానం అనగా ప్రభుత్వ తనిఖీ సంస్థ, యాజమాన్యం, కార్మిక సంఘాలు కలిసి కూర్చుని ప్రమాదాల నివారణ మార్గాలను చర్చించు పద్ధతి. పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని ప్రాంతపు బొగ్గుగనులు కూడా దీని పరిధిలోనివే.

నేపథ్యం

గనుల తనిఖీ కేంద్ర ప్రభుత్వ బాధ్యత. ఇందుకై 1902లో ఏర్పడిన సంస్థయే నేటి గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ (డీజీఎంఎస్). దీని ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో ఉన్నది. మూడు పక్షాలు పాల్గొన్న తొలి జాతీయ గనుల భద్రతా సమావేశం 1958లో జరిగినది. ఇటువంటి సమావేశాల సిఫారసులు వాటంతట అవే చట్టం కావు.

ప్రమాదాలు

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు మరణించారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు. వారిలో ఒకరు రక్షణాధికారి.

విశ్లేషణ

పైకప్పులో పగులు, గోడలో నీటి ఊట మొదట కంటబడేది ఆ షిఫ్టు కార్మికునికే. అప్పుడప్పుడు వచ్చే తనిఖీ అధికారికి కాదు. ఆ సమాచారం పైకి చేరుటయే ఈ విధానపు ముఖ్య ప్రయోజనం. అయితే ఉత్పత్తి లక్ష్యాల ఎదుట ఆ హెచ్చరిక నిలబడవలెనన్న, పని ఆపించగల చట్టబద్ధమైన అధికారం దాని వెనుక ఉండవలెను. కావున స్వచ్ఛంద సహకారం తనిఖీకి తోడు కాగలదు గాని, దానికి బదులు కాజాలదు.

1952 గనుల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2020 వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ తనిఖీ అధికారికి 'ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్' అని పేరు పెట్టినది. తనిఖీ చేయుట, సలహా ఇచ్చి సహకరించుట అను ఈ రెండు పాత్రలలో ఏది ముందు నిలుచునో అన్నదానిపైనే గని కార్మికుల రక్షణ ఆధారపడి ఉన్నది.