ఆటగాడు సంత ఎద్దా?

మా ఊళ్ళో ఎద్దుని సంతకి తోలుకెళ్ళేటప్పుడు దాన్ని ఎవరూ అడగరు. బేరం కుదిరితే పలుపు చేతులు మారుతుంది, అంతే. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు మాత్రం, అప్పు లేకపోతే, గడువు తీరాక వేరే కామందు దగ్గరికి పోవచ్చు. అమెరికాలో పేరుమోసిన బేస్‌బాల్ ఆటగాళ్ళకి 1975 దాకా ఆ పాటి వెసులుబాటు కూడా లేదు. ఒప్పందం ముగిసినా ఆటగాడు ఆ జట్టు సొత్తే. ఉంచుకున్నా, ఇంకో జట్టుకి ఇచ్చేసినా యజమాని ఇష్టం.

దానికి ఎదురు తిరిగినవాడు కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడు. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుకి 12 సీజన్లు ఆడాడు. 1969లో తనని ఫిలడెల్ఫియా జట్టుకి మార్చేస్తే పోనన్నాడు. అప్పటికి అతని జీతం ఏడాదికి 90 వేల డాలర్లు. అంత జీతగాడు ఎద్దెలా అవుతాడని అడగవచ్చు. పలుపు పట్టుదైనా పలుపే కదా! కోర్టుకెక్కాడు, 1970 అంతా ఆడలేదు. 1971లో 13 ఆటలాడి మానేశాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 1975లో మరో ఇద్దరు ఆటగాళ్ళ కేసులో మధ్యవర్తి తీర్పుతో ఆ కట్టు తెగింది.

ఆ ఆటలో మహామహుల్ని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ కూపర్స్‌టౌన్‌లో ఉంది. అందులో ఫ్లడ్‌కి ఇప్పటికీ చోటు లేదు. అంకెలు చాలవంటారు. సగటు .293, హిట్లు 1,861. సైన్సు విద్యార్థిని, అంకెల్ని నేను కాదనను. కానీ ప్రయోగం మధ్యలో ఆగిపోతే ఎందుకాగిందో కూడా రికార్డులో రాయమంటారు మా మాస్టార్లు. 31 ఏళ్ళకే ఆట ఆగిందని ఆ అంకెల పక్కన ఎవరు రాస్తారు? 1963 నుంచి 1969 దాకా ఏడేళ్ళూ ఫీల్డింగుకిచ్చే గోల్డ్ గ్లవ్ అతనిదే. 1966 సీజనంతా ఫీల్డింగులో ఒక్క తప్పూ చేయలేదు.

ఆడని ఆటలకి మార్కులు వేయమని నేననను. ఒక్కటే అడుగుతాను. ఫ్లడ్ మొర తోసిపుచ్చిన కమిషనర్ బోవీ క్యూన్‌కి 2008లో అక్కడ చోటిచ్చారు. అతని వెనక నిలబడ్డ ఆటగాళ్ళ సంఘం నాయకుడు మార్విన్ మిల్లర్‌ని 2019లో ఎన్నుకున్నారు. కాదన్నవాడూ లోపలే, అండగా నిలిచినవాడూ లోపలే. నష్టపోయినవాడే బయట! ఇదేం న్యాయం?

మిత్రులారా, అందరి ఫీజు కోసం ముందు నిలబడ్డవాడికే హాజరు తగ్గుతుందని మన యూనియన్‌కి తెలియనిది కాదు. ఫ్లడ్ 1997లో చనిపోయాడు. బతికుండగా ఇవ్వని గౌరవం ఇకనైనా ఇవ్వాలని నా అభిప్రాయం.