ముందు మెదడు వాపు కాదని తేల్చండి

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు, తెలుగు డాక్టర్లకు, తానా, ఆటా పెద్దలకు మనవి.

మొన్నటిదాకా ఇంటిని నడిపించిన మనిషి కొద్ది రోజుల్లోనే మారిపోతారు. నిద్ర ఉండదు. ఎవరో వెంటాడుతున్నారంటారు, అడిగిందే అడుగుతారు, ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయి. మనం గుట్టుగా ఉంచుతాం. ఆసుపత్రికి వెళ్తే ఒక్కోసారి మానసిక జబ్బని మాత్రలిచ్చి పంపుతారు. వీళ్లలో కొందరికి ఉన్నది మెదడు వాపు. దానికి మూలం ఇంకా బయటపడని కాన్సర్ కావచ్చు.

కాన్సర్ కణాల్లో ఉండే కొన్ని ప్రొటీన్లు మెదడులోనూ ఉంటాయి. కాన్సర్ మీదికి లేచిన రోగనిరోధక శక్తి మెదడునూ వదలదు. ఊపిరితిత్తుల స్మాల్ సెల్ కాన్సర్‌లో, కుర్రవాళ్ల వృషణాల కాన్సర్‌లో ఇది కనిపిస్తుంది. యువతుల్లో అండాశయపు టెరటోమా, అది చాలావరకు కాన్సర్ కాని గడ్డే అయినా, ఇదే పని చేస్తుంది. ఆ రకం వాపుకు కారణమైన యాంటీబాడీని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జోసెప్ దల్మావ్ బృందం 2007లో వెల్లడించింది. ఏ గడ్డా లేకుండానూ అది రావచ్చు. 2009లో న్యూయార్క్ పోస్ట్ విలేకరి సుసానా కహలాన్‌కు అలాగే వచ్చింది. మొదట మానసిక జబ్బనే అనుకున్నారు. డాక్టర్ సుహేల్ నజ్జార్ గడియారం గీయమంటే అంకెలన్నీ కుడివైపే వేసింది. జబ్బు మనసుది కాదు, మెదడుదని అప్పుడు తేలింది, ఆమె కోలుకుంది.

ఆ రకం వాపు వచ్చిన 577 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్లకు దాదాపు 80 శాతం మంది బాగా కోలుకున్నారు. త్వరగా వైద్యం అందినవాళ్లు ఇంకా మెరుగు. స్మాల్ సెల్ కాన్సర్‌తో వచ్చే వాపులో తరచు నాడీకణాలే చచ్చిపోతాయి, అవి తిరిగి రావు. అక్కడ ప్రతి రోజూ లెక్కే.

మన అమ్మానాన్నల విషయంలో మరో ప్రమాదం ఉంది. తెలుగు తప్ప రాని అత్తయ్య మాట తడబడితే, ఇంగ్లిష్ రాక అనుకుంటారు. ఆమె తెలుగే తప్పుతోందని కనిపెట్టగలిగింది ఇంట్లోవాళ్లే. ఆ మాట గట్టిగా చెప్పండి. ఉచితంగా తెలుగు దుబాసీని ఇమ్మని అడిగే హక్కు మీకుంది.

కొత్తగా మతి చెదిరి, దానితోపాటు ఫిట్స్, మతిమరుపు, మాట పడిపోవడం ఉంటే, ఎమర్జెన్సీలోనే రక్తానికీ వెన్నునీటికీ యాంటీబాడీ పరీక్ష, గడ్డల కోసం స్కాన్ తప్పనిసరి కావాలి. ఫలితాలకు రోజులు పడతాయి కనుక, ఇన్ఫెక్షన్ కాదని తేలితే వాటికోసం ఆగకుండా స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ మొదలుపెట్టాలి. ఇన్సూరెన్సు కంపెనీలు ముందస్తు అనుమతి పేరుతో ఈ మందులను నిలపకూడదు. తానా, ఆటా ఈ కోర్కెలను మీ రాష్ట్ర శాసనసభ్యుల దాకా తీసుకెళ్లాలి, ఆరోగ్య శిబిరాల్లో ఈ లక్షణాలు తెలుగులో చెప్పించాలి. కాన్సర్‌కు ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నవాళ్లలో ఈ లక్షణాలు కనిపిస్తే అదే రోజు ఆంకాలజిస్టుకు ఫోన్ చేయండి. అరుదుగా ఆ మందే వాపు తెస్తుంది.