ఆ బ్రేకు తొక్కిందెవరు?

మహారాష్ట్రలో నర్సీ దాటి దెగ్లూర్ వస్తున్నాం. 161వ నంబరు జాతీయ రహదారి, సాయంత్రపు ఎండ. బావ కొత్తగా కొన్న కరెంటు కారు ఎనభై మీద పోతోంది. ఎడమ పక్క సగం లేన్ మీద ఎవరో సోయా ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టారు. కార్తీకం దగ్గర పడితే మా వైపు రోడ్డే కళ్లం. ఎవరైనా కాస్త కుడికి జరిగి పోతారు, బావా అలాగే జరిగాడు. జరిగాక, ముందు ఏమీ లేని చోట, కారు తనంతట తానే బ్రేకు కొట్టింది. బెల్టు ఛాతీలో దిగింది. నీళ్ల సీసా ఎగిరి నా కాళ్ల మీద పడింది. తెర మీద ఎర్రగా ఏదో మెరిసి మాయమైంది. వెనక టెంపోవాడు అంగుళంలో తప్పించి, పక్కకొచ్చి అరిచాడు: "క్యా భాయ్, సోగయే క్యా?"

బావ కాలు అప్పటికి బ్రేకు మీద లేదు. ఆ సంగతి టెంపోవాడికి ఎలా చెప్పాలి?

సర్వీసింగు దగ్గర చెప్పి చూశాం. కుర్రాడు లాప్‌టాప్ తగిలించి, "ఏ ఎర్రర్ కోడూ పడలేదు సార్. అప్‌డేట్ వస్తది, అప్పుడు సెట్ అయితది" అన్నాడు. బావ ఊరుకోలేదు. "బ్రేకు కొట్టిందా లేదా, అది చెప్పు తమ్మీ." "అది మాకు కనపడదు సార్, కంపెనీకే కనపడతది." నా కోపమంతా ఆ ఒక్క మాట మీదే. కారు మాది, ప్రాణం మాది, ఆ క్షణంలో ఏం జరిగిందన్న లెక్క మాత్రం వాళ్ల దగ్గర.

ఈ తప్పును మా ఊరి రోడ్ల మీదకు తోసేసి, మా సోయా కుప్పలు వింతగా ఉన్నాయంటే నేనొప్పుకోను. కెమెరాతో చూసి తనే బ్రేకు వేసే కారుకు మన రోడ్లు నేర్పే చదువు దొరకనిదేమీ కాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2018లోనే హైదరాబాద్, బెంగళూరు రోడ్లు, ఊరి శివార్లు తిరిగి పదివేలకు పైగా బొమ్మలు తీశారు. ఆటోలు, పశువులు, రోడ్డు పక్క మట్టి, అన్నిటికీ పేర్లు పెట్టి, ముప్పై నాలుగు రకాలుగా విడగొట్టి, పరిశోధకుల కోసం బయట పెట్టారు. అంతకుముందు ఈ పనికి అందరూ వాడుకున్న పెద్ద సంకలనం ఎక్కువగా జర్మనీ నగరాలది. కాబట్టి షోరూములో అడగాల్సిన ప్రశ్న "లెవల్ 2 (స్టీరింగు, బ్రేకు కారే చూసుకునే సాయం) ఉందా" అని కాదు. ఈ కెమెరా ఏ రోడ్ల మీద చదువుకుంది, ఎన్ని కిలోమీటర్లు, చెరుకు బళ్ల కాలంలోనా, వానలోనా? జవాబు చెప్పే సేల్స్‌మన్ నాకింతవరకు తగల్లేదు. ఈ తెలివైన కారే, గీత గీయని స్పీడ్ బ్రేకర్ వస్తే గుర్తుపట్టదు. నీడకు ఆగుతుంది, గడ్డకు ఎగురుతుంది.

ఇది మా ఒక్కరి రోగం కాదు. అమెరికాలో 2022 ఫిబ్రవరిలో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ టెస్లా కార్ల మీద విచారణ మొదలుపెట్టింది. తొమ్మిది నెలల్లో వచ్చిన 354 ఫిర్యాదులు, దాదాపు 4 లక్షల 16 వేల కార్లు. ఏ అడ్డూ లేని హైవే మీద ఉన్నట్టుండి బ్రేకు పడుతోందన్నదే అందరి గోడు. వాళ్లు దానికి దెయ్యపు బ్రేకని పేరే పెట్టుకున్నారు. అంతకు ముందు ఏడాదే ఆ కంపెనీ అక్కడ కొత్త కార్లలో రాడార్ పీకేసి కెమెరాల మీదే నడుస్తామంది. అదే నెలలో హోండా పెట్రోలు కార్ల మీద కూడా ఇలాంటి విచారణే మొదలైంది, కాబట్టి ఇది కరెంటు కారుకే పట్టిన జబ్బూ కాదు. నాకు ముఖ్యమనిపించేది వేరే. అక్కడ 354 మంది గొంతెత్తితే ప్రభుత్వం ఫైలు తెరిచింది. మన మోటారు వాహనాల చట్టంలోనూ 2019 సవరణతో 110ఏ సెక్షన్ వచ్చింది, లోపమున్న బళ్లను వెనక్కి పిలిపించే అధికారం ఉంది. కానీ కోడ్ పడని లోపాన్ని కారు యజమాని ఏ కాగితంతో రుజువు చేస్తాడు?

ఇక నేరం ఎవరి మీద పడుతుందో చూడండి. 2025 జులైలో సుప్రీంకోర్టు కోయంబత్తూరు కేసులో తీర్పిచ్చింది. 2017లో ఒక కారు హైవే మీద సంకేతం లేకుండా ఆగింది, వెనక బైకు మీదున్న ఇంజినీరింగ్ విద్యార్థి దాన్ని గుద్దుకుని పడ్డాడు, బస్సు అతని మీదికెక్కి కాలు పోయింది. గర్భవతైన భార్యకు వాంతి వచ్చేలా ఉందని ఆపానన్నాడు డ్రైవరు. కోర్టు ఒప్పుకోలేదు. తప్పులో సగం కారుది, 30 శాతం బస్సుది, 20 శాతం విద్యార్థిది అంది. న్యాయమైన తీర్పే. కానీ రేపు నర్సీ రోడ్డు మీద సాఫ్ట్‌వేర్ ఆపేసిన కారును ఒక పిల్లవాడు గుద్దుకుంటే ఆ సగం ఎవరి పేరున రాస్తారు? మా బావ పేరునే రాస్తారు. మాన్యువల్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో "బాధ్యత పూర్తిగా డ్రైవరుదే" అని ముందే రాసిపెట్టుకున్నారు. అమ్మేటప్పుడు కారు తెలివైనది, గుద్దుకున్నాక డ్రైవరు తెలివితక్కువవాడు!

కేంద్ర రోడ్డు రవాణా మంత్రి గడ్కరీ గారు 2023 డిసెంబరులో నాగపూర్‌లో డ్రైవర్ లేని కార్లను దేశంలోకి రానివ్వనన్నారు, డ్రైవర్ల పొట్ట కొడతాయని. సంతోషం. మరి డ్రైవర్ కూర్చునుండగా అతని మాట వినని కారు సంగతేమిటి? 2025 మార్చిలో పెద్ద బస్సులకు, లారీలకు కూడా ఈ ఆటోమేటిక్ బ్రేకు తప్పనిసరి చేస్తూ ఆయన శాఖే ముసాయిదా ఇచ్చింది. ఉద్దేశం మంచిదే, నిద్రమత్తులో ఉన్న లారీ డ్రైవరును అది నిజంగా ఆపగలదు, దానివల్ల బతికేవాళ్లుంటారు. నేను ఆ బ్రేకు వద్దనడం లేదు. నిలబడ్డ జనంతో కిక్కిరిసిన ఎస్టీ బస్సు దెగ్లూర్ రోడ్డు మీద ఉత్తి నీడకు ఆగితే లోపలివాళ్లు ఎక్కడ పడతారో కూడా ముసాయిదా రాసేవాళ్లు ఆలోచించాలంటున్నాను.

అడిగేది పెద్దదేమీ కాదు. బ్రేకు ఎప్పుడు పడింది, ఎవరు వేశారు, కెమెరాకు ఏం కనపడింది, ఈ లెక్క కారు యజమాని చేతికి అడిగిన రోజే రావాలి. పోలీసుకు, బీమావాడికి, కోర్టుకు కూడా. ఏ రోజు ఏ అప్‌డేట్ వేసి ఏం మార్చారో రాతపూర్వకంగా చెప్పాలి. రాత్రికి రాత్రి గుట్టుగా సరిచేసి, పొద్దున్నే "లోపమే లేదు" అనడం కుదరదు. మా తాత ఎడ్లు దారిలో మొరాయిస్తే దిగి చూసేవాడు, ముందు గుంతో పామో ఉండేది. ఎద్దుకున్న పాటి జవాబుదారీతనం లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్‌కు ఉండొద్దా?

బావ ఇప్పుడు రోజూ పొద్దున బండి ఎక్కగానే తెర మీద మూడు పేజీలు తిప్పి ఆ బ్రేకు ఆపేస్తాడు. డీజిల్ ఖర్చు లేదని కొన్న కారు కదా, అమ్మబుద్ధి కాదు. మొన్న మద్నూర్‌లో చాయ్ తాగడానికి బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేశాడు. సలాబత్‌పూర్ చెక్‌పోస్టు దగ్గర తెర మీద చిన్న ఆకుపచ్చ బొమ్మ వెలుగుతోంది.

"ఆపేశావు కదా?" అన్నాను.

"బండి బంద్ చేస్తే అదే మళ్లీ ఆన్ అయితది బామ్మర్దీ" అని, అద్దంలో వెనక లారీ ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు.