తల్లి మొక్కను మరువరాదు

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా కడియపులంక పూలమార్కెట్‌లో రాశులు పోసిన చామంతి, శివరాత్రి దాటగానే పలచబడుతుంది. మల్లె మొగ్గ తొడగడంతో రైతు చూపు అటు మళ్లుతుంది. పూత ఉడిగిన చామంతిని పీకి గట్టున పారవేయడం, తొలకరికి నారు కోసం పరుగులెత్తడం పలువురికి అలవాటైపోయింది. కొన్న నారుతో తెగులు వచ్చినా, కోరిన రంగు కాకపోయినా ఆలస్యంగా గాని తెలియదు. అప్పటికి పెట్టుబడి మట్టిపాలవుతుంది.

దీనికి విరుగుడు రైతు చేతిలోనే ఉంది. బాగా పూసిన, తెగులు సోకని మొక్కలకు పూతలో ఉండగానే గుర్తుగా పుల్ల పాతుకోవాలి. పూలు అయిపోగానే జానెడు ఎత్తు ఉంచి కోసివేస్తే మొదళ్ల నుంచి పిలకలు వస్తాయి. వాటిని వేళ్లతో సహా తీసి, కొబ్బరిచెట్ల పలుచని నీడలో, నీరు నిలవని ఎత్తు మడిలో నాటాలి. మాగిన పశువుల ఎరువు కొద్దిగా వేస్తే చాలు. రోహిణి ఎండలకు కొబ్బరాకుల పందిరి వేసి, నేల ఆరినప్పుడల్లా తడుపుతుంటే జూన్, జూలై నాటికి సొంత నారు సిద్ధమవుతుంది.

పెద్ద నర్సరీలకు నీడవలలున్నాయి. అరెకరం కౌలుదారుకు ఆ స్తోమతు లేదు. ఉద్యానశాఖ సిబ్బంది తొలకరి దాకా ఆగక, ఫాల్గుణంలోనే గ్రామాలకు వచ్చి ఈ పని చేసి చూపాలి. రైతులు సైతం మల్లెకు పెట్టే నీటిలో నాలుగు బిందెలు చామంతికి మిగిల్చితే, వచ్చే ఏటి నారు ఖర్చు తప్పుతుంది.